తోటకు నీళ్లెవరు పెట్టినారు

కళ్యాణదుర్గం,
13-9-2008, శనివారం.

చి. వంశీకి,

నేను బాగానే ఉన్నాను. అక్కడ అత్త, నీవు, మౌనిక బాగున్నారని తలుస్తాను.

మీ అక్క పోయిన దినం ఏం జరిగిందో వరసగా చెప్పమని పదకొండో రోజున అడిగినావు. ఇంటినిండా జనం ఉండిరి. చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆగస్టు పదిహేడు, ఆదివారం. ప్రసూన ఆరున్నరకు లేచింది. రాగి జావ అర గ్లాసు తాగింది. కిడ్నీలు పనిచేయనివాళ్లు దినానికి ముప్పావు లీటరుకు మించి తాగకూడదని అనంతపురం డాక్టరు చెప్పి ఉండె గదా, ఆ అర గ్లాసును కూడా చీటీలో రాసుకుంది. తల దువ్వుకుంది. తొమ్మిదికి కంప్యూటరు మిషను ముందు కూర్చుంది, నీవు కొనిపెట్టిన తోట ఆటకు. తొమ్మిదిన్నరకు లోపలినుంచి "వాన పడతాంది" అన్నది. నేను మిద్దె మీదికి పోయి ఆరేసిన బట్టలు తీసుకొచ్చినాను. ఆకాశంలో మబ్బు లేదు. వాన ఆటలో పడింది. చేతినిండా బట్టలతో నిలబడిన నన్ను చూసి నవ్వింది. నవ్వు దగ్గు అయింది. దగ్గు ఆయాసం అయింది.

పదిన్నరకు మా వీధి సుంకప్ప జీపు దొరికింది. ఆత్మకూరు దాటినాక నా చేయి పట్టుకొని "మిషను ఆపి రాలేదు" అన్నది. "కరెంటు పోతే అదే ఆగుతుంది" అన్నాను. ఆ తరువాత మాటలు లేవు. ఆసుపత్రి చేరేసరికి పన్నెండు దాటింది. దారిలోనే పోయిందని చెప్పినారు. సాయంత్రం ఇంటికి తెచ్చేసరికి మిషను ఆగి ఉంది. నిజంగానే కరెంటు పోయింది. మిగతాదంతా నీవు చూసిందే. పుట్టింటి చీర నీవే కప్పినావు.

ఇక అసలు సంగతి.

నిన్న మిషను మీద దుమ్ము తుడిచి ఆన్ చేసినాను. ఎందుకని అడగవద్దు. ఆట దానంతట అదే తెరుచుకుంది. ప్రతిసారీ పాస్‌వర్డు కొట్టనక్కర లేకుండా ప్రసూన పెట్టి ఉండింది. ఆ తోట సంగతి నీకు తెలుసు. అది మన ఇంట్లో ఉండదు, ఎక్కడో కంపెనీ దగ్గర ఉంటుంది. మనం తెరిచినా తెరవకపోయినా అక్కడ పొద్దు పొడుస్తుంది, కుంకుతుంది. మూడు దినాలు నీళ్లు పెట్టకపోతే మొక్క వాలుతుందని, వారానికి ఎండుతుందని ప్రసూన చెప్పేది. ఆసుపత్రికి పోయే దినాల్లో కూడా ఆ పని ముగించుకునే బయలుదేరేది.

ఇరవై ఆరు దినాలు అయింది. తోట పచ్చగా ఉంది. వంకాయలు కోతకు వచ్చి ఉన్నాయి. మడులు తడిగా ఉన్నాయి.

వ్యవసాయ శాఖలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఎండిన చేలు తిరిగి నష్టం రాసేవాణ్ణి. ఇరవై ఆరు దినాలు నీళ్లు లేని వంగ పచ్చగా ఉండదు. ఎవరో పెట్టినారు.

తెరిచిన వెంటనే ఇంగ్లీషులో ఒక నోటీసు కూడా వచ్చింది. ఈ ఖాతా వేరొక చోట తెరిచి ఉండినది, అక్కడ మూసి ఇక్కడ తెరిచినాము అని దాని సారాంశం. అప్పుడు సమయం ఉదయం తొమ్మిది.

పాస్‌వర్డు ప్రసూనకు తెలుసు. ఖాతా తెరిచినవాడివి కాబట్టి నీకు తెలుసు. నాకు తెలియదు. నాలుగో మనిషి ఎవరు?

ఈ-మెయిలు రాయడం లేదు. ఒక తాళం తీసినవాడు ఇంకొకటి తీయలేడా. ఫోన్లో ఇవి మాట్లాడలేను. జవాబు కాగితం మీదే రాయి.

మీ బావ,
బయ్యన్న.


బెంగళూరు,
23-9-2008.

బావకు నమస్కారం.

నీ ఉత్తరంలో మొదటి పేజీ ఒకసారి చదివినాను. ఇంకోసారి చదవలేను. అమ్మకు వినిపించలేదు. బట్టల కింద పెట్టినాను.

తోట పచ్చగా ఉంటే దాంట్లో దొంగతనం ఏముంది బావా. ఆ ఆటలో వానలు పడతాయి గదా, బాగా పడుంటాయి. వానలు ఎరగని మన జిల్లావాడు తయారుచేసిన ఆట కాదు అది. లేదంటే ఎవడో పనిలేనివాడు పాస్‌వర్డు కనిపెట్టి లోపలికి దూరింటాడు. అట్లాంటివి జరుగుతాయి. మార్చేస్తే సరిపోతుంది.

నీకు మొదటినుంచీ ఈ డౌన్‌లోడ్ అంగడి అంటే పడదు. అంగడి అంటే గల్లా ఉండాల, గల్లా వెనక మనిషి ఉండాల అంటావు. కానీ ఒకటి చెప్పు. మొదట నేను తెచ్చింది డిస్కు ఆట. రెండేళ్లకు గీతలు పడి సగంలో నిలబడిపోయేది. అక్క దాన్ని పాత చీర గుడ్డతో తుడిచి తుడిచి మళ్లీ పెట్టేది. కొత్తది కావాలంటే నేను ఈడ బజారులో వెతికి, ఊరికి వచ్చేవాళ్లతో పంపాల. డౌన్‌లోడ్ అయితే ఆ బాధ లేదు. ఒకసారి కొంటే అక్క పేరు మీద ఉంటుంది. మిషను కాలిపోయినా ఇంకో మిషన్లోకి దింపుకోవచ్చు. జనవరిలో మీ ఇంట్లో అది దిగడానికి తొమ్మిది పొద్దులు పట్టింది, గుర్తుందా. కరెంటు పోయినప్పుడల్లా నువ్వు తిట్టినావు. వచ్చినాక ఆగిన చోటినుంచే మళ్లీ దిగింది. అక్క నాకు ఫోన్ చేసి, మీ బావకంటే దీనికే ఓపిక ఎక్కువుండాది అని నవ్వింది.

అమ్మ బాగుంది. కళ్లు మంట అంటే అద్దాలు మార్పించినా. దినాలు అయినప్పటినుంచి మడకశిరకు పోతా, చేను చూసుకోవాల అని రోజూ అడిగేది. పది రోజులుగా ఆ మాట ఎత్తడం లేదు. పొద్దున ఏడున్నరకే టిఫిను పెట్టి మమ్మల్నిద్దరినీ బయటికి తోసేస్తుంది. అత్తకు మనం అడ్డమైనామా అని మౌనిక నవ్వుతుంది.

నువ్వు నాలుగు రోజులు సెలవు పెట్టి ఈడికి రారాదా.

నీ
వంశీ


కళ్యాణదుర్గం,
3-10-2008, శుక్రవారం.

చి. వంశీకి,

వానలు పడి ఉంటాయన్నావు. చూసినాను. వాన పడిన దినం అక్కడి క్యాలెండరులో మబ్బు గుర్తు ఉంటుంది. ఇరవై ఆరు దినాల్లో నాలుగు గుర్తులు ఉన్నాయి. నాలుగు తడులతో ఆ పంట నిలవదు.

సర్వే చేసినట్లే చేసినాను. రోజూ సరిగ్గా తొమ్మిదికి తెరుస్తున్నాను, ప్రసూన కూర్చునే వేళకు. దాదాపు ప్రతి దినం అదే నోటీసు వస్తోంది. అంటే తొమ్మిదికి ముందు నుంచే ఎవరో లోపల ఉన్నారు, నేను తెరవగానే బయట పడుతున్నారు. చివర తెరిచినవాడిదే తోట అని వాళ్ల నియమం. కాబట్టి ఆ మనిషి మళ్లీ తెరిచి నన్ను బయటికి నెట్టవచ్చు. ఒక్కసారి కూడా నెట్టలేదు. దొంగకు ఇంత మర్యాద ఎందుకు?

తోటకు ఉత్తరపు మూలలో ఒక గుమ్మడి పాదు కావాలని పీకినాను. మర్నాటికి ఆ గుంతలో కొత్త విత్తు పడి ఉంది.

శనివారాలు రారు. ఆదివారాలు రారు. నిన్న అక్టోబరు రెండు, నిన్నా రాలేదు. శని, ఆది, గాంధీ జయంతి సెలవు తీసుకునే దొంగ ఎక్కడ ఉంటాడు? బెంగళూరులో ఉంటాడు. ఆఫీసు మిషను మీద కూర్చునేవాడు అయి ఉంటాడు.

పాస్‌వర్డు మార్చమన్నావు. మారిస్తే దొంగ పోతాడు, ఎవరో మాత్రం తెలియదు. ముందు తెలియాలి.

డౌన్‌లోడ్ అంగడి మంచి చెప్పినావు. చెడు నేను చెబుతాను. డిస్కును చేత్తో పట్టుకోవచ్చు. బీరువాలో పెట్టి తాళం వేయవచ్చు. గీతలు పడినా ఆ గీతలు మనవే. ఆసుపత్రిలో పక్క మంచం జయంతికి ప్రసూన ఆ డిస్కును రెండు నెలలు ఇచ్చి మళ్లీ తెచ్చుకుంది. ఈ కొత్తదాన్ని అట్లా ఇయ్యడానికి లేదు. వేరేవాళ్లకు చూపించవచ్చునా అని ఒకసారి నన్ను అడిగింది. నేను షరతులు అచ్చువేసుకొని పదకొండు పేజీలు చదివి, ఖాతా ఒక్కరికే, ఇంకొకరిని తెరవనిస్తే తప్పు అని చెప్పినాను. నా ముఖం వైపు చూసి ఊరుకుంది. అప్పుడు మనం కొన్నది ఏమిటి వంశీ? ఇయ్యలేనిది, దాచుకోలేనిది, మనం లేకపోయినా ఎవడో తెరవగలిగినది.

పదకొండో రోజు మిషనును మీ ఇంటికి తీసుకుపొమ్మన్నాను. పుట్టింటినుంచి వచ్చింది పుట్టింటికే పోవాలని మన పెద్దలు పెట్టిన పద్ధతి. ఉంగరం తీసుకున్నావు, ఇత్తడి బిందె తీసుకున్నావు, మిషను మాత్రం వద్దన్నావు. ఆ రోజు నీ మంచితనం అనుకున్నాను. తాళంచెవి ఉన్నవాడికి పెట్టె ఎందుకని ఇప్పుడు అనిపిస్తోంది.

నీవు తెరుస్తున్నావా, లేదా. ఒక్క మాటలో రాయి.

బయ్యన్న.


బెంగళూరు,
13-10-2008.

బావకు,

లేదు. నువ్వు అడిగిన ఒక్క మాట అదే.

ఇంకా కొన్ని మాటలున్నాయి. మా అక్క కూర్చున్న చోట నేను ఎట్లా కూర్చుంటా? నీ చేతుల్లో పోయిందని నీకొక్కడికే పోయిందా? అక్క నన్ను చంకనెత్తుకొని మడకశిర సంతంతా తిప్పింది. నేను రెండు నెలలుగా ఆ ఆట బొమ్మ కనబడితే స్క్రీను అవతలికి తిప్పుతాన్నా. నువ్వు నన్ను గాంధీ జయంతికి సెలవు తీసుకునే దొంగ అంటివి.

మిషను ఎందుకు వద్దన్నానో చెబుతా విను. ఆ రోజు నువ్వు దాన్ని వరండాలోకి మోసుకొచ్చి పెట్టి, మళ్లీ లోపలికి పోయి, దాని మీద కప్పే గుడ్డ తెచ్చినావు. ఆ గుడ్డ అక్క కుట్టింది. నువ్వు దాన్ని నాలుగు మూలలూ సరిచేసినావు. అది చూసినాక నాకు తీసుకుపోయే మనసు రాలేదు. అంతే.

పాస్‌వర్డు కింద రాస్తాన్నా. అక్క పెట్టుకున్నదే. మడకశిరలో మా చేని పేరు, ఎర్రదిబ్బ. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. మార్చుకుంటావో, మార్చవో నీ ఇష్టం. ఇది చెబితే నాకు ముందే తెలుసునని ఇంకో కేసు కడతావేమో.

నాకు అర్థం కానిది ఒకటే. తోటకు ఎవరో నీళ్లు పెట్టినారు. కాయ కోసుకుపోలేదు, చెడగొట్టలేదు. నువ్వు పీకిన పాదును మళ్లీ నాటినారు. దాని మీద నీకు ఇంత కోపం ఎందుకు? ఏమప్పా, ఎండిపోయింటే నీకు బాగుండునా?

అమ్మ నిన్ను అడిగినట్లు చెప్పమంది. కళ్యాణదుర్గంలో వాన పడిందా అని రోజూ అడుగుతుంది.

వంశీ


కళ్యాణదుర్గం,
27-10-2008, సోమవారం.

వంశీకి,

నీ ఉత్తరం అందింది. అది అందేటప్పటికే నేను చేయవలసింది చేసినాను.

అక్టోబరు పదిన ఆ కంపెనీకి రాసినాను. ఖాతా నా భార్యది, ఆమె ఆగస్టు పదిహేడున చనిపోయింది, తరువాత కూడా ఎవరో తెరుస్తున్నారు, ఎక్కడినుంచి తెరుస్తున్నారో తెలపండి అని. రుజువు అడిగినారు. మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం నకలు పంపినాను. ఇరవై నాలుగున జవాబు వచ్చింది. తెరుస్తున్నది ఎవరో చెప్పడానికి వీలు లేదట. సానుభూతి తెలిపినారు. ఖాతా ఒకరి నుంచి ఇంకొకరికి మారదు కాబట్టి, ఖాతాదారు లేరని తెలిసిన మీదట నవంబరు ముప్పయ్యో తేదీన దాన్ని మూసివేస్తారట. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. మళ్లీ తెరవడం ఉండదు.

షరతుల్లో ఏడో పేజీలో ఉన్నదే. నేను చదివినదే.

కాబట్టి డిసెంబరు ఒకటి నుంచి ఆ తోట ఎవరికీ ఉండదు. నాకూ ఉండదు. ఎవరో తెలియనివాడి చేతిలో ఆమె పేరు ఉండటంకంటే అదే మేలు. దీపావళి పండగ పూట ఇది రాయడం బాగులేదు. మాకు ఈ ఏడు పండగ లేదు.

ఒక్కటి మాత్రం లెక్కకు రావడం లేదు. ఈ నెలలో అక్కడ కొత్త విత్తనం పడింది. చిక్కుడు ఎనిమిది సాళ్లు, తరువాత ఏదో పొడుగు మొక్క ఒక సాలు, మళ్లీ చిక్కుడు ఎనిమిది సాళ్లు, మళ్లీ పొడుగుది ఒకటి. తోట పొడవునా అట్లాగే. గట్టు చుట్టూ పొద్దుతిరుగుడు. ఆటలో అట్లా వేయమని ఎవరూ చెప్పరు. చెనిక్కాయలో, శాఖ భాషలో వేరుశనగలో, కంది వేసే లెక్క అది, ఒకటి పోయినా ఒకటి దక్కుతుందని. ఆ మనిషికి మెట్ట సేద్యం తెలుసు. నీకు విత్తే గొర్రు ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. అందుకే అడుగుతున్నాను. ఎవరికి అప్పగించినావు?

బయ్యన్న.


బెంగళూరు,
9-11-2008.

బావా,

ఎనిమిది సాళ్లకు ఒక సాలు అని నువ్వు రాసినది రెండుసార్లు చదివినాను. నాయన పోయినాక ఎర్రదిబ్బ చేనిలో అమ్మ వేయించే లెక్క అది. కంది ఎనిమిది దాటినాకే పడాలని, ఏడుకు పడితే గొర్రు నిలబెట్టి కూలోళ్లను తిట్టేది. తల్లో ఏం పెట్టుకొని విత్తుతాండారప్పా అని గట్టు మీదినుంచి అరిచేది. చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు విన్నానో.

మౌనికకు కూడా చెప్పలేదు. గురువారం ఇద్దరమూ ఎప్పటిమాదిరే ఎనిమిదిన్నరకు బయలుదేరినాం. నేను మధ్యలో దిగి వెనక్కి వచ్చినాను. చప్పుడు కాకుండా తలుపు తీసినాను. తొమ్మిదికి పది నిమిషాలుండాది.

అమ్మ నా మిషను ముందు కూర్చొని ఉండాది. కుర్చీ మీద ఒక కాలు మడిచి పెట్టుకొని, కొత్త అద్దాలు ముక్కు కొసన పెట్టుకొని. నీళ్లు పెడతాంది. ఒక్కో మొక్కకు ఒక్కోసారి వేలు నొక్కాల గదా, చెనిక్కాయలు వొలిచినట్లు నొక్కతాంది. నన్ను చూసింది. ఉలిక్కిపడలేదు. సాలు ముగించినాకే చేయి తీసింది.

మార్చిలో కిడ్నీ పరీక్షలకని అక్క మా ఇంట్లో మూడు వారాలుండె గదా. అప్పుడు నేర్పిందంట. ఈ మిషన్లో కూడా పాస్‌వర్డు అడగకుండా అక్కే పెట్టిపోయిందంట. అక్క ఆడికి వచ్చినాక కూడా ఇద్దరూ ఒకే తోట చేసినారు. మేము పోయినాక అమ్మ ఈడ తెరిచి నీళ్లు పెడుతుంది. తొమ్మిదికి అక్క ఆడ తెరిచి కోసేది కోస్తుంది, నాటేది నాటుతుంది. అక్క తెరిస్తే అమ్మకు ఈడ గంట మోగి తోట తలుపు పడుతుంది. తలుపు పడితే నేను వచ్చినానని లెక్కమ్మా, లేచి పని చూసుకో అని అక్క చెప్పిందంట. బావకు చెప్పొద్దనిందంట. రూలు ఒప్పుకోదంట. నాకు కూడా చెప్పొద్దనింది, నేను ఇంట్లో పెట్టుకున్న ఆఫీసు మిషను ముట్టుకోవద్దని అమ్మను కేకలేస్తా గదా. శని ఆదివారాలు, సెలవులు మేము ఇంట్లో ఉంటాం కాబట్టి అమ్మ తెరవలేదు.

అక్క పోయి మేము తిరిగి వచ్చినాక, మధ్యలో వానలు పడి ఎండలేదు గానీ మడులు వాలిపోయింటే చూసి, నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిది దాటినా తలుపు పడలేదు. అన్ని దినాలూ పడలేదు. తరువాత ఒక శుక్రవారం పడిందంట. ఆ రోజునుంచే మడకశిర మాట ఎత్తడం మానేసింది.

ఇదంతా చెబుతాండగానే తొమ్మిదైంది. గంట మోగింది. తలుపు పడింది. అమ్మ అద్దాలు తీసి ఒరలో పెట్టింది. లేచి కుర్చీ లోపలికి జరిపింది.

"యాడికమ్మా?" అంటి.

"అది వచ్చింది. చోటియ్యాల."

మళ్లీ అమ్మే అనింది. "నాకు మతి పోలేదు లేరా. పోయిందని తెలుసు. నువ్వు చీర కప్పింది నేను చూడలేదా? కానీ తలుపు పడతాంది గదా వంశీ. ఎవరు వేస్తాండారు?"

నాకు తెలుసు ఎవరు వేస్తాండారో. నా బట్టల కింద నీ ఉత్తరాలుండాయి. నోరు రాలేదు బావా.

ముప్పయ్యో తేదీకి తోట పోతుందని కూడా చెప్పలేదు. డిసెంబరుకు చిక్కుడు కాయ వస్తుందని లెక్క చెప్పతాంది అమ్మ. ఆ తలుపు వేస్తాన్నది నువ్వు. తోటను మూయించింది నువ్వు. చెప్పేది కూడా నువ్వే చెప్పు. నన్ను అడగొద్దు.

వంశీ


కళ్యాణదుర్గం,
20-11-2008, గురువారం.

చి. వంశీకి,

నీ ఉత్తరం పద్నాలుగున అందింది. అప్పటినుంచి జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను.

ముందు రాయవలసింది. నిన్ను దొంగ అన్నాను. నీవు కావు. ఎవరూ కారు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అదే దినం కంపెనీకి మళ్లీ రాసినాను. తెరుస్తున్నది తల్లి అని, నా ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నానని, మూయవద్దని. ఫిర్యాదు వాపసు తీసుకోవచ్చునట. మరణ పత్రం వాపసు తీసుకోవడానికి లేదట. ముప్పయ్యో తేదీ మారదు.

సోమవారం తొమ్మిదికి నేను తెరవలేదు. మిషను ముందే కూర్చొని గడియారం చూసినాను. తొమ్మిదింబావు అయింది. అత్త అక్కడ తలుపు కోసం ఇంకా కూర్చొనే ఉంటుందని తోచింది. ఆఫీసుకు పోయినాను గానీ పని చేయలేదు. మంగళవారం తెరిచినాను. నిన్న, ఈరోజు కూడా తెరిచినాను. ఏమీ పీకలేదు. రెండు వంకాయలు కోసి బయటికి వచ్చినాను. అత్త తలుపు కోసం చూస్తుందని తెలిసే మూడు దినాలు ప్రసూన పేరుతో పోయినాను. సర్వీసులో ఇంకొకరి పేరు మీద ఒక్క సంతకం పెట్టినవాణ్ణి కాను. ఇది ఎక్కువ దినాలు చేయలేను.

ఎండిపోయింటే బాగుండునా అని అడిగినావు. దానికి జవాబు ఎగ్గొట్టినాను. ఎండి ఉంటుందనే ఆ రోజు తెరిచినాను వంశీ. ఎండిన చేను చూడటం, రాసుకోవడం, సంతకం పెట్టి రావడం నాకు చేతనైన పని. అట్లా చూసి మూసేద్దామనుకున్నాను. పచ్చగా కనబడింది. ఓర్చుకోలేకపోయినాను.

నీ డౌన్‌లోడ్ అంగడిని ఇక తిట్టను. డిస్కు అయి ఉంటే అత్త బెంగళూరులో, ప్రసూన ఇక్కడ, ఒకే తోటలో పనిచేసి ఉండేవాళ్లు కాదు. ఐదు నెలలు తల్లీ కూతుళ్లు రోజూ కలిసినారు. అంత దూరంలో ఉన్నవాళ్లను కలిపింది అదే. అడిగినప్పుడు నేను షరతులు చదివి వినిపించకుండా ఉంటే నాకు కూడా చెప్పి ఉండేది. ముగ్గురం ఉండేవాళ్లం.

బీరువాలో ఆమె చీరల మధ్య పాత డిస్కు దొరికింది. గీతలు అట్లాగే ఉన్నాయి. మిషన్లో పెడితే రెండుసార్లు తిరగలేదు. చీర చెంగుతో తుడిచి పెట్టినాను. మూడోసారి తిరిగింది. ఆమె మొదటి తోట ఈ మిషను లోపలే ఉంది. పోయిన డిసెంబరులో ఆపినచోటే ఉంది. టమోటాలు సగం పండి ఉన్నాయి. ఒక మడికి నీళ్లు పెట్టి, రెండో మడి మధ్యలో ఆపేసింది. ఆ ఆటలో మనం తెరిస్తేనే పొద్దు పొడుస్తుంది. ఏడాదిగా ఎవరూ నీళ్లు పెట్టకపోయినా ఏమీ ఎండలేదు. దానికి పేరు అక్కరలేదు, ఖాతా అక్కరలేదు. ఎవరి చేతిలో పెడితే వాళ్లది.

రెండో మడి నేను ముట్టుకోలేదు. అది అత్త చేయవలసిన పని.

అత్తతో నేనే చెబుతాను. తలుపు వేసింది నేనని చెప్పాలి. ముప్పయ్యో తేదీ చిక్కుడు పోతుందని, పోగొట్టింది నేనని చెప్పాలి. తిడితే కూర్చుంటాను. చోటిస్తే ఆ పది దినాలు పక్కన కూర్చొని ఆమె చెప్పినట్లు నీళ్లు పెడతాను. సెలవు చీటీ ఇచ్చి వచ్చినాను. ఈ ఉత్తరం పోస్టులో వేయను. వెంట తెస్తాను. అక్కడికి వచ్చినాక నాకు నోరు రాకపోతే దీన్ని నీ చేతికి ఇస్తాను, నీవు చదివి వినిపించు. మొదటి ఉత్తరం కూడా బట్టల కిందినుంచి తీయి. ఆ దినం ఏం జరిగిందో ఆమెకు కూడా తెలియాలి. నవ్విందని తెలియాలి.

మిషను డబ్బాను ఆ కుట్టిన గుడ్డలోనే చుట్టి గోనెసంచిలో కట్టినాను. పుట్టింటిది పుట్టింటికి. డిస్కు వేరే, చేతిసంచిలో ఉంది.

రేపు పొద్దున తొమ్మిదికి అక్కడ తలుపు పడదు. నేను ఏడు గంటల బెంగళూరు బస్సు ఎక్కుతాను. ఆ వేళకు పావగడ దాటి ఉంటాను.

మీ బావ,
బయ్యన్న.